పప్పు ఉడకని బోరు నీళ్ళలో డ్వార్ఫ్ సిక్లిడ్ పిల్లలు తీయడం ఎలా?

ఉప్పల్_బోరు (హైదరాబాద్) · ఏప్రిల్ 14, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నా రామ్ చేపల గుడ్లన్నీ నాలుగోసారి కూడా తెల్లబడిపోయాయి. ఇంక నాకు తోచడం లేదు, అందుకే అడుగుతున్నాను.

రెండడుగుల ట్యాంకు, 50 లీటర్ల నీళ్ళు, స్పాంజ్ ఫిల్టర్, సన్న ఇసుక, జావా ఫెర్న్ మొక్కలు. జనవరిలో ఒక జత రామ్ సిక్లిడ్‌లు (డ్వార్ఫ్ సిక్లిడ్‌లనే చిన్న రంగు చేపల్లో ఒక రకం) తెచ్చాను. మార్చి నుంచి ఇప్పటికి నాలుగుసార్లు గుడ్లు పెట్టాయి, ప్రతిసారీ అదే చదును రాయి మీద. రెండూ వంతులు వేసుకుని రెక్కలతో విసురుతూ కూర్చుంటాయి. మొదటి రోజు గుడ్లు తేనె రంగులో నిగనిగలాడతాయి. రెండో రోజు సాయంత్రానికి ఒక్కొక్కటే సగ్గుబియ్యంలా తెల్లగా అయిపోతుంది. మూడో రోజు పొద్దున్నకు దూది పట్టి ఉంటుంది. ఆ తర్వాత అవే తినేస్తాయి.

మాది బోరు. టీడీఎస్ 920, పీహెచ్ 8.2. గీజర్ కాయిల్ మీద పెచ్చు ఏడాదికోసారి గీకించాలి. కందిపప్పు ఉడకాలంటే క్యాన్ నీళ్ళు పోయాల్సిందే. షాపులో పీహెచ్ తగ్గించే మందు ఇచ్చారు. వేసిన రోజు 7 చూపిస్తుంది, మూడో రోజుకు మళ్ళీ 8 దాటుతుంది. ఇది నీళ్ళ తప్పా, చేపల తప్పా, నా తప్పా?

కొబ్బరిచిప్ప (గుంటూరు) · ఏప్రిల్ 14, రాత్రి 11:05

ముందు ఆ మందు ఆపేయండి. పీహెచ్ అలా ఎక్కుతూ దిగుతూ ఉంటే చేపలకు అంతకంటే టెన్షన్ ఇంకోటి లేదు. ఎప్పుడూ 8.2 ఉన్నా ఓర్చుకుంటాయి, ఊగిసలాట ఓర్చుకోలేవు.

రెండు విషయాలు చెప్పండి. నీళ్ళలో సున్నం ఎంతో చెప్పే జీహెచ్, పీహెచ్‌ను పట్టి ఉంచే కేహెచ్ ఎంత? రెండోది, ఒకటి మగ, ఒకటి ఆడ అని మీకు ఖాయంగా తెలుసా? రెండూ ఆడవే అయినా జత కట్టి, గుడ్లు పెట్టి, బుద్ధిగా కాపలా కాస్తాయి. ఆడదానికి పొట్ట గులాబీ రంగులో ఉంటుంది, ఒంటి మీది నల్ల మచ్చలో నీలి చుక్కలు మెరుస్తాయి. మగదానికి మచ్చ నల్లగానే ఉంటుంది, వీపు రెక్కలో ముందు ముళ్ళు పొడుగ్గా లేస్తాయి.

టైట్రేషన్ (అనంతపురం) · ఏప్రిల్ 15, ఉదయం 6:20

కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నాకు తెలిసిన భాగం రాస్తాను. మా ఊరి నీళ్ళూ మీ నీళ్ళకు అన్నలే.

టీడీఎస్ మీటరు నీళ్ళలో కరిగిన ఉప్పులన్నిటినీ కలిపి ఒక అంకె చెబుతుంది. అందులో సోడియం ఎంత, కాల్షియం ఎంత అని విడదీయదు. 900 టీడీఎస్ ఉన్న రెండు బోర్లలో ఒకటి ఉప్పగా ఉండొచ్చు, ఇంకోటి సున్నంలా ఉండొచ్చు. గుడ్లకు అడ్డుపడేది కాల్షియం, మెగ్నీషియం. అదే జీహెచ్. కేహెచ్ అంటే బైకార్బొనేటు. మీరు వేసే మందు ఆమ్లం. నీళ్ళలో ఉన్న బైకార్బొనేటు ఆ ఆమ్లాన్ని మింగేస్తుంది, కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, పీహెచ్ పాత చోటికి వచ్చేస్తుంది. ఇంకా పోస్తూ పోతే ఒకరోజు బైకార్బొనేటు మొత్తం అయిపోయి పీహెచ్ ఒక్కసారిగా కూలుతుంది. అన్నీ చేసినా కాల్షియం ఒక్క చుక్క కూడా తగ్గదు.

ఒక డిగ్రీ జీహెచ్ అంటే లీటరుకు 17.8 మిల్లీగ్రాములు. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) వాళ్ళు 200 మిల్లీగ్రాముల వరకు మంచిదన్నారు, వేరే నీళ్ళు లేకపోతే 600 దాకా ఒప్పుకున్నారు. డిగ్రీల్లో చెప్పాలంటే 11 నుంచి 34. మనిషికి చెల్లే నీళ్ళు కాబట్టి చేప గుడ్డుకూ చెల్లుతాయని అనుకోవద్దు.

చుక్కల టెస్ట్ కిట్ కొనండి. కాగితం పట్టీల కంటే అది నమ్మకం. వీలైతే బోరు నీళ్ళలో నైట్రేటు కూడా చూడండి, ఊరి మధ్య బోర్లలో చాలాచోట్ల ఎక్కువ ఉంటుంది.

మెత్తనీళ్ళు (వరంగల్) · ఏప్రిల్ 15, ఉదయం 9:10

అన్నా, రామ్‌లు వెనెజ్వెలా, కొలంబియా దేశాల్లో ఒరినోకో నది పక్కన గడ్డి మైదానాల్లో పుట్టినవి. అక్కడి నీళ్ళలో సున్నం జాడ దాదాపు ఉండదు. పెద్ద చేప మన బోరు నీళ్ళకు అలవాటు పడుతుంది, ఎందుకంటే దానికి మొప్పలున్నాయి, మూత్రపిండాలున్నాయి. గుడ్డుకు ఏమున్నాయి? పైపొర ఒక్కటే. దాని చుట్టూ ఎలాంటి నీళ్ళుంటే దాని బతుకు అంతే.

ఆర్‌ఓ నీళ్ళు కలపండి. నేను మూడేళ్ళుగా అదే చేస్తున్నాను, రామ్ పిల్లలు వస్తున్నాయి.

కొత్తట్యాంకు (నల్లగొండ) · ఏప్రిల్ 15, ఉదయం 11:32

మా అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంది. కుళాయి నీళ్ళలో సబ్బు బాగా నురగ వస్తుంది. ఆ నీళ్ళు వాడొచ్చా అండి?

టైట్రేషన్ (అనంతపురం) · ఏప్రిల్ 15, మధ్యాహ్నం 1:15

వద్దు తమ్ముడూ. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని పట్టుకుని దాని బదులు సోడియం వదులుతుంది. అందుకే వాళ్ళు ఉప్పు బస్తాలు తెప్పించేది. టీడీఎస్ మీటరు పెట్టి చూడండి, అంకె దాదాపు తగ్గదు. బైకార్బొనేటు అలాగే ఉంటుంది, పీహెచ్ అలాగే ఉంటుంది. బట్టలకు మంచిది, రామ్ గుడ్లకు కాదు.

ఉప్పల్_బోరు (హైదరాబాద్) · ఏప్రిల్ 18, రాత్రి 9:50

కిట్ వచ్చింది. జీహెచ్ 25 చుక్కలకు రంగు మారింది, అంటే 25 డిగ్రీలు. కేహెచ్ 17. నేను లెక్క తప్పానేమో అని మూడుసార్లు చేశాను, అదే వచ్చింది. నైట్రేటు 40 దగ్గర ఉంది, అదీ ట్యాంకులో కాదు, నేరుగా బోరులో.

మగ, ఆడ విషయం టార్చి వేసి చూశాను. ఒకదాని మచ్చలో నీలి చుక్కలున్నాయి, పొట్ట గులాబీ. రెండోది మగదే.

కొబ్బరిచిప్ప (గుంటూరు) · ఏప్రిల్ 18, రాత్రి 11:30

అయితే చేపల తప్పు లేదు, మీ తప్పూ లేదు. నేను పద్నాలుగేళ్ళుగా చేపలు పెంచుతున్నాను. అందులో మొదటి అయిదేళ్ళు మీరు పడ్డ బాధే పడ్డాను. ఏది ఎక్కువ ఇష్టమైతే అది కొనేదాన్ని, తర్వాత దానికోసం నీళ్ళు మార్చుకుంటూ కూర్చునేదాన్ని. బిందెలు మోసీ మోసీ నడుము పట్టేసింది. తర్వాత బుర్ర తిప్పాను. కుళాయి విప్పితే వచ్చే నీళ్ళు ఇవి, ఈ నీళ్ళలో సుఖంగా పిల్లల్ని కనే చేప ఏది అని వెతికాను. క్రిబెన్సిస్ దొరికింది, మనవాళ్ళు క్రిబ్ అంటారు.

పెల్వికాక్రోమిస్ పుల్కర్ దాని పూర్తి పేరు. దక్షిణ నైజీరియా వాగుల్లోది. అక్కడ కొన్నిచోట్ల సముద్రం దగ్గర కొంచెం ఉప్పు కలిసిన నీళ్ళలోనూ బతుకుతుంది. మా ఇంటి నీళ్ళు జీహెచ్ 22. ఏ మందూ లేదు, ఏ ఆకూ లేదు, కుళాయి నీళ్ళు ఒక రోజు నిలవబెట్టి పోస్తాను, అంతే.

పచ్చడికి కొబ్బరికాయ కొట్టినప్పుడు ఒక చిప్ప పక్కన పెట్టండి. పీచు గీకి, రెండుసార్లు ఉడకబెట్టి, వారం నీళ్ళలో నానబెట్టండి, రంగు దిగిపోవాలి. అంచు దగ్గర ఆడ చేప దూరేంత సందు మాత్రమే కొట్టండి, బొటనవేలు పట్టేంత. పెద్దగా కొట్టొద్దు. ఇరుకు గుహ అంటేనే దానికి నమ్మకం. బోర్లించి, సందు పక్కకు ఉండేలా ఇసుకలో కూరండి.

ఇక్కడ మొగుడి కోసం తిరిగేది ఆడదే. పొట్ట చెర్రీ పండులా ఎర్రబడుతుంది. మగదాని ముందుకొచ్చి ఒళ్ళు విల్లులా వంచి, ఆ పొట్ట కనబడేలా వణుకుతుంది. రెండూ చిప్పలో దూరి నోటితో ఇసుక బయటికి ఉమ్ముతాయి. ఒక రోజు ఆడది లోపలికి పోయి ఇక బయటికి రాదు, మగది గుమ్మం దగ్గర తిరుగుతూ ఉంటుంది. అప్పుడు గుడ్లు పెట్టిందని అర్థం. చిప్ప ఎత్తి చూడాలని చేతులు లాగుతాయి. ఎత్తకండి. మూడో రోజుకు పొదుగుతాయి, ఎనిమిదో రోజు దగ్గర్లో తల్లి వాటిని బయటికి తీసుకొస్తుంది. బూడిద చల్లినట్టు ఒక గుంపు ఇసుక మీద కదులుతుంది. ఆ క్షణం కోసం నేను తొమ్మిదేళ్ళుగా ట్యాంకు ముందు స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను.

మెత్తనీళ్ళు (వరంగల్) · ఏప్రిల్ 19, ఉదయం 8:00

అక్కా, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ ఆయనకు రామ్‌లంటే ఇష్టం. ఇష్టమైన చేపను వదిలేసి నీళ్ళకు తగ్గ చేపను తెచ్చుకోమంటే ఎలా? లెక్క కష్టమేమీ కాదు. జీహెచ్ 25 ఉన్న బోరు నీళ్ళు ఒక పాలు, ఆర్‌ఓ నీళ్ళు నాలుగు పాళ్ళు. జీహెచ్ 5 కు వస్తుంది, కేహెచ్ 3 చిల్లర. 20 లీటర్ల ట్యాంకుకు 4 లీటర్ల బోరు, 16 లీటర్ల ఆర్‌ఓ. ఒక క్యాన్ సరిపోతుంది.

ఉత్త ఆర్‌ఓ మాత్రం పోయకండి. కేహెచ్ సున్నా అయితే పీహెచ్‌ను పట్టి ఉంచేది ఏమీ ఉండదు, రాత్రికి రాత్రి పడిపోతుంది. వాటర్ ప్లాంట్ క్యాన్ కొనే ముందు మీటరు పెట్టి చూడండి. కొందరు రుచి కోసం మినరల్స్ కలుపుతారు.

కొబ్బరిచిప్ప (గుంటూరు) · ఏప్రిల్ 19, ఉదయం 8:45

ఇష్టం వదులుకోమనలేదు తమ్ముడూ. 20 లీటర్లకు క్యాన్ చాలు, నిజమే. కానీ వారం వారం నీళ్ళు మార్చాలి కదా, మార్చిన ప్రతిసారీ అదే పాళ్ళలో కలపాలి. పిల్లలు పుట్టాక రోజూ మార్చాలి. ఏప్రిల్‌లో చేస్తారు, మేలో చేస్తారు. ఇంట్లో పెళ్ళి వస్తుంది, ఆఫీసులో పని వస్తుంది, ఒక వారం తప్పుతుంది. ఆ ఒక్క వారమే పిల్లలు పోతాయి. నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను. మొదటిసారి పిల్లల్ని పెంచేవాళ్ళు నీళ్ళతో కూడా పోట్లాడకూడదని నా అభిప్రాయం.

ఎడారిచేప (ఫీనిక్స్, అమెరికా) · ఏప్రిల్ 19, ఉదయం 10:20

మాది కొలరాడో నది నుంచి కాలువలో వచ్చే నీళ్ళు, గట్టి నీళ్ళే. మధ్యరకం చేపలు కూడా ఉన్నాయని చెప్పడానికి రాస్తున్నాను. బొలీవియన్ రామ్ చూడండి. మీ దగ్గరున్న నీలి రామ్ అంత మెరుపు ఉండదు, కానీ ఒళ్ళు గట్టిది. మా ఇంట్లో జీహెచ్ 14 లో రెండుసార్లు పిల్లలు వచ్చాయి. అపిస్టోగ్రామాలనే చిన్న సిక్లిడ్‌లలో కకటువాయిడిస్, బొరెల్లీ రకాలు కొంచెం గట్టి నీళ్ళకు ఒప్పుకుంటాయి. 25 కు మాత్రం నేను హామీ ఇవ్వలేను.

ఇంకో మాట. హైదరాబాద్ ఎండల్లో నీళ్ళు ఆవిరైపోతుంటాయి కదా. ఆవిరయ్యేది నీళ్ళే, సున్నం కాదు. తగ్గిన మేరకు మళ్ళీ బోరు నీళ్ళే పోస్తూ పోతే 25 కాస్తా నెలకు 30 దాటుతుంది. తగ్గిన నీళ్ళ బదులు ఆర్‌ఓ పోయండి. మార్చేటప్పుడు మాత్రం మామూలు నీళ్ళు.

నత్తగుల్ల (ఆకివీడు) · ఏప్రిల్ 20, రాత్రి 8:15

అందరూ రెండు వైపులా లాగుతున్నారు, నేను మూడో వైపు లాగుతాను. గట్టి నీళ్ళను ఓర్చుకునే చేప ఎందుకండీ, గట్టి నీళ్ళే కావాలని కోరుకునే చేప ఉండగా?

ఆఫ్రికాలో టాంగన్యీకా సరస్సు. 1,470 మీటర్ల లోతు, పీహెచ్ 9 దగ్గర, కేహెచ్ 16 పైన. అంటే మీ ఉప్పల్ బోరే. అక్కడ అడుగున చచ్చిపోయిన నత్తల గుల్లలు మేటలు వేసి ఉంటాయి. ఆ గుల్లల్లో కాపురం ఉండే చేప మల్టీఫాసియేటస్, మనవాళ్ళు మల్టీ అంటారు. మగది 4 సెంటీమీటర్లు, ఆడది ఇంకా చిన్నది. సిక్లిడ్ జాతిలో ఇంత చిన్నవి అరుదు.

అసలు గుల్లలు ఆఫ్రికా నుంచి రావు కదా అని దిగులు పడ్డాను. మా చేల గట్ల మీద నత్త గుల్లలకు కొదవా? వరి కోతలయ్యాక గంపెడు ఏరుకొచ్చాను. నిమ్మకాయ సైజువి చూసి, లోపల కండ మిగలకుండా ఉడకబెట్టి, బ్రష్‌తో కడిగి, నాలుగు రోజులు ఎండలో పెట్టాను. మెత్తటి నీళ్ళలో ఈ గుల్లలు మెల్లగా కరిగిపోతాయి, మన నీళ్ళలో ఎన్నేళ్ళయినా అలాగే ఉంటాయి. ట్యాంకులో రెండంగుళాల మందాన సన్న ఇసుక, దాని మీద చేపకు రెండు మూడు గుల్లల లెక్కన పరిచాను.

ఆడ చేప ఒకటి తనకు నచ్చిన గుల్ల దగ్గరకు చేరి, దాని కింద ఇసుకను నోటితో తీసి పక్కన పోస్తుంది. గుల్ల మెల్లగా కిందికి దిగుతుంది. మళ్ళీ తీస్తుంది, మళ్ళీ దిగుతుంది. చివరికి మూతి మాత్రమే పైకి కనబడేలా పాతేస్తుంది. నేను ఆ గుల్లను ఒకసారి పక్కకు జరిపితే, నా వేలి గోరంత తల ఉన్న ఆ చేప వచ్చి నా వేలిని పొడిచింది. గుడ్లు ఆ గుల్ల లోపలే. ఒకరోజు పొద్దున గుల్ల అంచున ఆవగింజంత తలలు రెండు కనబడతాయి. వాటిని విడిగా తీయక్కర్లేదు. అన్నలు, అక్కలు, చెల్లెళ్ళు అంతా ఒకే వాడలో పెరుగుతాయి. నాలుగు చేపలతో మొదలుపెట్టాను, ఏడాదిన్నరకు లెక్కపెట్టడం మానేశాను.

కొత్తట్యాంకు (నల్లగొండ) · ఏప్రిల్ 20, రాత్రి 9:02

నత్తగుల్ల అన్నా, ఇవి ఎక్కడ దొరుకుతాయి? మా దగ్గర షాపులో అడిగితే ఆయన పేరు కూడా వినలేదన్నాడు.

నత్తగుల్ల (ఆకివీడు) · ఏప్రిల్ 20, రాత్రి 9:30

షాపుల్లో అరుదే తమ్ముడూ. నేను చెన్నై కొళత్తూరు వెళ్ళి తెచ్చుకున్నాను. అక్కడ వీధి వీధీ రంగు చేపల పెంపకమే కదా. లేదంటే మనలాంటి పెంపకందార్ల దగ్గర పిల్లలు తీసుకోండి. మెసేజ్ పెట్టండి.

ఉప్పల్_బోరు (హైదరాబాద్) · ఏప్రిల్ 22, రాత్రి 10:10

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. మా ఆవిడకు మొత్తం చదివి వినిపించాను. తను అడిగింది, "రెండూ చేయకూడదా?" అని. చేస్తాను. పెద్ద ట్యాంకు క్రిబ్‌లకు, ఉత్త బోరు నీళ్ళు. రామ్‌ల కోసం 20 లీటర్ల చిన్న ట్యాంకు, కలిపిన నీళ్ళు. వాటిని కొత్త నీళ్ళకు మెల్లగా, వారం పది రోజుల్లో మారుస్తాను.

కొబ్బరిచిప్ప అక్కా, మీ దగ్గర జత ఉందా?

కొబ్బరిచిప్ప (గుంటూరు) · ఏప్రిల్ 22, రాత్రి 10:25

ఒక జత కట్టిన జంటే ఉంది. మా తమ్ముడు వచ్చే ఆదివారం కారులో హైదరాబాద్ వస్తున్నాడు. సంచిలో గాలి పట్టించి పంపిస్తాను. డబ్బులేమీ వద్దు, పిల్లలయ్యాక ఇంకొకరికి ఇవ్వండి.

హేచరీ_మనిషి (కాకినాడ) · ఏప్రిల్ 23, ఉదయం 5:40

నైట్ డ్యూటీ దిగి చదువుతున్నాను. పదకొండేళ్ళుగా రొయ్యల హేచరీలో పని. నీళ్ళ గురించి ఇంత మాట్లాడారు, పిల్లల తిండి గురించి ఎవరూ ఎత్తలేదు. నీళ్ళు సరిపోయి తిండి సరిపోకపోతే పదో రోజుకు అంతా ఖాళీ. ఉడికిన గుడ్డు సొన పెట్టకండి, నీళ్ళు కుళ్ళిపోతాయి.

ఆర్టీమియా పొదిగించండి, అది ఉప్పునీళ్ళలో పెరిగే రొయ్యలాంటి సన్న పురుగు. మా హేచరీల్లో రొయ్య పిల్లలకు రోజూ పెట్టేది అదే. దాని ఎండు గుడ్ల డబ్బాలు ఎక్కువగా అమెరికాలో గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వస్తాయి. ఇంట్లో చిన్న ఎత్తున చాలు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి, మూతి కిందికి తలకిందులుగా నిలబెట్టండి. లీటరు నీళ్ళు, 25 గ్రాముల కల్లుప్పు, చిటికెడు వంటసోడా. గుడ్లు అర టీస్పూను, మించొద్దు. గాలి గొట్టం సీసా మూతి దాకా దించండి, గుడ్లు అడుగున కూర్చోకుండా ఎగురుతూ ఉండాలి. 28 డిగ్రీల వేడి, పైన ఒక బల్బు వెలుతురు. ఎండాకాలం మనకు హీటర్ కూడా అక్కర్లేదు.

24 గంటలకు నీళ్ళు నారింజ రంగుకు తిరుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలు వదిలేయండి. పెంకులు పైకి తేలతాయి, పిల్లలు కిందికి చేరతాయి. కింద మూతి దగ్గర టార్చి పెడితే ఇంకా గుంపుగా వస్తాయి. సన్న గొట్టంతో లాగి, పలచటి బట్టలో వడకట్టి, మంచినీళ్ళతో కడిగి వేయండి. పెంకులు మాత్రం రానివ్వొద్దు, చేప పిల్ల మింగితే కడుపు పట్టేస్తుంది. ఇంకొకటి, పొదిగిన వెంటనే వాడాలి. వాటి పొట్టలో ఉండే సొన గంటలు గడిచేకొద్దీ అవే ఖర్చు పెట్టుకుంటాయి. రేపటికి దాస్తే బలం ఉండదు. అందుకే రెండు సీసాలు పెట్టి, ఈరోజు ఒకటి, రేపు ఇంకోటి అని మార్చి మార్చి మొదలుపెట్టండి.

క్రిబ్ పిల్లలు మొదటి రోజే ఆర్టీమియా తింటాయి. రామ్ పిల్లల నోరు ఇంకా చిన్నది, మొదటి రెండు మూడు రోజులు వెనిగర్ పురుగులు (వెనిగర్‌లో పెంచే అతి సన్న పురుగులు) పెట్టి తర్వాత దీనికి మారండి.

ఉప్పల్_బోరు (హైదరాబాద్) · జూన్ 3, రాత్రి 11:55

అక్కా! వచ్చాయి!

మే 26న ఆడది చిప్పలోకి పోయింది. మీరు చెప్పారని చిప్ప ముట్టుకోలేదు, మా అబ్బాయిని కూడా ముట్టనివ్వలేదు. ఈరోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాను, వాడు "నాన్నా, ఇసుక నడుస్తోంది" అని అరిచాడు. నిజంగానే ఇసుక నడుస్తోంది. ఒక్కోటి కామా గుర్తంత ఉంటుంది, ఒంటి నిండా చుక్కలు. తల్లి పొట్ట కింద రెక్కలు టపటపమని విదిలించగానే అన్నీ ఒక్కసారి కిందికి అణిగిపోయి ఇసుకలో కలిసిపోతాయి. మళ్ళీ ఇంకోలా కదిలితే లేస్తాయి.

లైటు ఆపే టైముకు అది వాటిని చిప్పలోకి తోలుతోంది. ఒకటి మొక్క దగ్గర వెనకబడింది. తల్లి వెళ్ళి దాన్ని నోట్లోకి తీసుకుంది. తినేసిందనే అనుకున్నాను. చిప్ప గుమ్మం దగ్గరకు వచ్చి ఉమ్మింది. అది లేచి లోపలికి ఈదింది. మేం ముగ్గురం చీకట్లో కూర్చుని చూశాం.

కొబ్బరిచిప్ప (గుంటూరు) · జూన్ 4, ఉదయం 5:30

పొద్దున్నే మంచి మాట విన్నాను. రాత్రిళ్ళు ఒక్కసారిగా చీకటి చేయకండి, గదిలో చిన్న లైటు ఉంచండి. నీళ్ళు తీసేటప్పుడు గొట్టం చివర స్పాంజ్ ముక్క కట్టండి.

ఉప్పల్_బోరు (హైదరాబాద్) · జూన్ 9, రాత్రి 9:20

సాయం కావాలి. నిన్నటి నుంచి పిల్లలు చనిపోతున్నాయి. వందకు పైగా ఉండేవి, ఇప్పుడు అరవై లోపే. తల్లిదండ్రులు బాగానే ఉన్నాయి. రోజుకు నాలుగుసార్లు ఆర్టీమియా వేస్తున్నాను. మొన్న ఫిల్టర్ స్పాంజ్ నల్లగా ఉందని కుళాయి కింద బాగా కడిగాను.

టైట్రేషన్ (అనంతపురం) · జూన్ 9, రాత్రి 9:34

వెంటనే మూడో వంతు నీళ్ళు మార్చండి, తర్వాత చదవండి.

అమ్మోనియా అయి ఉంటుంది. స్పాంజ్‌లో ఉండే బ్యాక్టీరియా కడగడంతో పోయి ఉంటుంది, మీ కుళాయిలో బ్లీచింగ్ వాసన వస్తే మరీను. పైగా నాలుగు పూటల తిండి. గట్టి నీళ్ళలో ఉన్న ప్రమాదం ఇక్కడే. అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటే విషం. పీహెచ్ 7 దగ్గర విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. 8.2 దగ్గర, 28 డిగ్రీల వేడిలో, దాదాపు పదో వంతు ఉంటుంది. మెత్తటి నీళ్ళవాళ్ళు తట్టుకునే పొరపాటును మన నీళ్ళు క్షమించవు. స్పాంజ్‌ను ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి, అదీ మెల్లగా.

హేచరీ_మనిషి (కాకినాడ) · జూన్ 9, రాత్రి 10:50

సార్ చెప్పింది నిజం. తిండి రెండు పూటలకు తగ్గించండి. పిల్లల పొట్టలు నారింజ రంగులో ఉబ్బి కనబడితే చాలు, ఇంక వేయొద్దు. అయిదు రోజులు పొద్దున, రాత్రి అయిదేసి లీటర్లు మార్చండి. కొత్త నీళ్ళు అదే వేడిలో ఉండాలి.

ఉప్పల్_బోరు (హైదరాబాద్) · జూన్ 12, ఉదయం 7:15

నిలిచాయి. నిన్న ఒకటి పోయింది, ఈరోజు ఏదీ లేదు. 52 లెక్క తేలాయి. ఆ రాత్రే మీరు రాయకపోయి ఉంటే పొద్దున్నకు ఏమీ మిగిలేవి కావు.

మెత్తనీళ్ళు (వరంగల్) · జులై 2, సాయంత్రం 6:40

రామ్‌లు ఎంతవరకు వచ్చాయి అన్నా? వానలు మొదలయ్యాయి, క్యాన్ డబ్బులు మిగుల్చుకోండి. మొదటి రెండు మూడు వానలు వదిలేయండి, డాబా మీది దుమ్మూ గాలిలోని మసీ అంతా కడుక్కుపోవాలి. తర్వాత కూడా వాన మొదలైన పావుగంట ఆగి, శుభ్రమైన డ్రమ్ములోకి పట్టండి. బోరు నీళ్ళతో అదే పాళ్ళు.

ఉప్పల్_బోరు (హైదరాబాద్) · జులై 3, రాత్రి 10:00

కలిపిన నీళ్ళలోకి మారాక రెండుసార్లు పెట్టాయి. మొదటిసారి సగం గుడ్లలో కళ్ళు కనబడ్డాయి, తెల్లారేసరికి తినేశాయి. రెండోసారీ అంతే. ఈసారి రాయి తీసి విడిగా పెట్టమంటారా?

మెత్తనీళ్ళు (వరంగల్) · జులై 3, రాత్రి 10:20

కళ్ళు వచ్చాయంటే నీళ్ళు కుదిరినట్టే, సగం యుద్ధం గెలిచారు. గుడ్లు పెట్టిన రాత్రే రాయిని నీళ్ళలోంచి బయటికి రాకుండా గిన్నెలో తేల్చి, అదే ట్యాంకు నీళ్ళున్న అయిదు లీటర్ల డబ్బాలోకి మార్చండి. గాలి బుడగలు గుడ్ల పక్కనుంచి వెళ్ళాలి, నేరుగా తగలకూడదు. బూజును ఆపే మిథిలీన్ బ్లూ మందు లేత నీలం వచ్చేంత వేయండి. తెల్లబడిన గుడ్డు కనబడితే డ్రాపర్‌తో తీసేయండి. బూజు చచ్చిన గుడ్డు మీదే మొదలై పక్కదానికి పాకుతుంది.

కొత్తట్యాంకు (నల్లగొండ) · ఆగస్టు 17, ఉదయం 10:05

ఉప్పల్ అన్నా, మీ క్రిబ్ పిల్లల్లో ఆడ, మగ తెలుస్తున్నాయా? గట్టి నీళ్ళలో అన్నీ ఆడవే వస్తాయని ఎక్కడో విన్నాను.

ఎడారిచేప (ఫీనిక్స్, అమెరికా) · ఆగస్టు 17, ఉదయం 11:45

అన్నీ కాదు, ఎక్కువ. క్రిబెన్సిస్‌లో ఇది పాత సంగతే. పుల్లటి నీళ్ళలో పెరిగితే మగవి ఎక్కువ, పీహెచ్ పెరిగితే ఆడవి ఎక్కువ. అపిస్టోగ్రామాల మీద ఉవే రోమర్, బైజెన్‌హెర్ట్స్ 1996లో పెద్ద పరిశోధన అచ్చేశారు. 37 జాతులను 23, 26, 29 డిగ్రీల్లో పెంచి చూశారు. చాలా జాతుల్లో వేడి పెరిగేకొద్దీ మగవి పెరిగాయి. మొదటి నెల రోజుల్లోనే అది తేలిపోతుంది, తర్వాత నీళ్ళు మార్చినా లాభం లేదు.

ఉప్పల్_బోరు (హైదరాబాద్) · ఆగస్టు 17, రాత్రి 9:40

మొత్తం తేలడానికి ఇంకా టైముంది కానీ, పెద్దవి 20 చూస్తే 14 పొట్ట ఎర్రబడుతున్నాయి. వచ్చే ఈతలో సగం పిల్లల్ని మొదటి నెల కలిపిన నీళ్ళలో పెంచి చూడాలని ఉంది.

కొబ్బరిచిప్ప (గుంటూరు) · ఆగస్టు 17, రాత్రి 10:02

చూడండి. నా దగ్గర ఎప్పుడూ మగవాటికే కరువు. కుదిరితే రెండు మగవి నాకు పంపండి, వేరే ఇంటి రక్తం కలుస్తుంది.

ఉప్పల్_బోరు (హైదరాబాద్) · సెప్టెంబర్ 21, రాత్రి 11:10

రామ్‌లు. మొత్తం ఏడోసారి పెట్టిన గుడ్లు.

ఆగస్టు 29 రాత్రి రాయి డబ్బాలోకి మార్చాను. వాన నీళ్ళు నాలుగు పాళ్ళు, బోరు ఒక పాలు, జీహెచ్ 5, పీహెచ్ 7 కు కొంచెం కింద, ఒక ఎండు బాదం ఆకు. 29 డిగ్రీలు. రెండున్నర రోజులకు తోకలు కొట్టుకోవడం కనబడింది. ఏడో రోజుకు ఈదాయి. మూడు రోజులు వెనిగర్ పురుగులు, తర్వాత ఆర్టీమియా. రోజూ పొద్దున, రాత్రి లీటరు నీళ్ళు, ఒక్క పూట తప్పలేదు. నేను ఊరెళ్ళిన రెండు రోజులు మా ఆవిడ మార్చింది.

ఈరోజు లెక్కపెట్టాం, 37. బియ్యపు గింజంత ఉన్నాయి. ఇంకో నెల ఆగి రోజుకు అర లీటరు చొప్పున బోరు నీళ్ళు కలుపుతూ మెల్లగా అలవాటు చేస్తాను, తీసుకునేవాళ్ళ ఇళ్ళలో కూడా ఇవే నీళ్ళు కదా.

మెత్తనీళ్ళు (వరంగల్) · సెప్టెంబర్ 21, రాత్రి 11:18

అన్నా, చాలా సంతోషం. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

కొత్తట్యాంకు (నల్లగొండ) · సెప్టెంబర్ 22, ఉదయం 7:30

అన్నా, నాకు ఒక క్రిబ్ జత ఇస్తారా? మాది జీహెచ్ 23. చిప్ప ఉడకబెట్టి నానబెట్టాను, రంగు దిగిపోయింది.

ఉప్పల్_బోరు (హైదరాబాద్) · సెప్టెంబర్ 22, ఉదయం 7:52

ఆదివారం రా తమ్ముడూ. మూత ఉన్న అయిదు లీటర్ల డబ్బా తెచ్చుకో, ఉప్పల్ బస్టాండ్ దగ్గర దిగి ఫోన్ చెయ్యి. జత నేను ఏరి పెడతాను. డబ్బులు వద్దు, నాకూ ఊరికే వచ్చాయి.